మూడున్నర మిల్లీమీటర్ల వివాదం

2016 సెప్టెంబర్ 7న శాన్ ఫ్రాన్సిస్కోలోని బిల్ గ్రహమ్ సివిక్ ఆడిటోరియంలో యాపిల్ సంస్థ ఐఫోన్ 7ను ఆవిష్కరించింది. ఆ ఫోన్‌లో హెడ్‌ఫోన్ జాక్ లేదు. ఎందుకు లేదో చెప్పే బాధ్యత సంస్థ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ మీద పడింది. ఆయన మూడు కారణాలు చెప్పి, వాటన్నిటి సారాన్నీ ఒక్క మాటలోకి కుదించాడు: ధైర్యం. ఆ మాట అప్పట్లో నవ్వులపాలైంది. పత్రికలు పరిహసించాయి, పోటీ సంస్థలు ప్రకటనల్లో ఎగతాళి చేశాయి. మూడేళ్లు తిరక్కుండానే ఎగతాళి చేసిన సంస్థలు కూడా అదే దారి పట్టాయి. ఈనాడు ఖరీదైన ఫోన్లలో జాక్ కనిపించడమే అరుదు. గెలిచినవారు గెలిచారు, ఓడినవారు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కొనుక్కున్నారు.

అయితే వివాదం సద్దుమణగడం వేరు, తేలడం వేరు. హెడ్‌ఫోన్ జాక్ విషయంలో జరిగింది మొదటిది. దాన్ని తీసేయడాన్ని సమర్థించినవారు అది కాలం చెల్లిన వస్తువన్నారు. వ్యతిరేకించినవారు ఎక్కువగా ధ్వని నాణ్యత గురించి, అదనపు ఖర్చు గురించి పోట్లాడారు. ఆవేశాలు చల్లారిన తర్వాత ఆ వాదనలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఇరుపక్షాలూ కొన్నిచోట్ల సరిగానూ కొన్నిచోట్ల తప్పుగానూ కనిపిస్తాయి. ఇద్దరూ తగినంతగా పట్టించుకోని ఒక నష్టం కూడా బయటపడుతుంది. ఏ తయారీదారైనా, ఎవరి అనుమతీ అడగకుండా, ఏ రుసుమూ చెల్లించకుండా, దాదాపు ఏ ఫోన్‌కైనా తన పరికరాన్ని తగిలించుకోగలిగిన ద్వారం అది. ఆ ద్వారం విలువ ఎంతో తేల్చకుండా ఈ వివాదాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

స్విచ్‌బోర్డు నుంచి జేబులోకి

ఈ జాక్ వంశవృక్షం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి దగ్గర మొదలవుతుంది. 1878 జనవరిలో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, న్యూ హేవెన్‌లో తొలి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ప్రారంభమైంది. ఎక్స్‌ఛేంజిలు పెరిగేకొద్దీ, ఒక చందాదారును మరొకరితో కలపడానికి తీగ చివరనున్న లోహపు ప్లగ్గును పలకలోని రంధ్రంలో గుచ్చే పద్ధతి స్థిరపడింది. తొలినాటి స్విచ్చు ఆకారం మడత కత్తిని, అంటే జాక్‌నైఫ్‌ను పోలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. రోజంతా గుచ్చి తీసినా చెడనిది, ఆపరేటర్ కన్నెత్తి చూడకుండా చేత్తోనే అమర్చగలిగినది అక్కడ కావలసి వచ్చింది. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల ఆ ప్లగ్గు ఆ పనికి ఎంత చక్కగా కుదిరిందంటే, విద్యుత్ గిటార్లకూ స్టూడియో పరికరాలకూ ఈనాటికీ అదే వాడుతున్నారు.

ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చాక అంత లావు ప్లగ్గు జేబు పరికరాలకు పనికిరాలేదు. 1950లు, 60లలో చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్‌తో పాటు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు వ్యాప్తిలోకి వచ్చింది. 1979 జులై 1న జపాన్‌లో విడుదలైన సోనీ వాక్‌మన్ దాన్ని ప్రపంచమంతటా ఇంటింటి వస్తువుగా మార్చే క్రమానికి నాంది పలికింది. ఆ తొలి వాక్‌మన్‌కు ఒకటి కాదు, రెండు జాక్‌లు ఉండేవి. పాట వినడం ఇద్దరు కలిసి చేసే పని కూడా అని దాని రూపకర్తలు భావించారు.

దాని నిర్మాణం మహా సులభం. ప్లగ్గు కొన ఎడమ చెవికి, మధ్య వలయం కుడి చెవికి, మొదలు ఉమ్మడి భూమికి. ఫోన్లు వచ్చాక మైకు కోసం మరో వలయం చేరింది. ఇందులో చిప్పు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, అటువైపు తగిలించింది ఎవరి పరికరమో విచారించే ఏర్పాటు లేదు. గాలిలో శబ్దం ఏ ఆకృతిలో కంపిస్తుందో, ఆ తీగలో విద్యుత్తు అదే ఆకృతిలో కంపిస్తుంది. 1979లో కొన్న హెడ్‌ఫోన్లు 2015లో కొన్న ఫోన్‌లో పనిచేయడానికి అదే కారణం.

దీన్ని స్వర్ణయుగంగా వర్ణించనక్కరలేదు. జాక్‌లో దుమ్ము చేరేది, స్పర్శ వదులైతే ఒక చెవిలో శబ్దం ఆగిపోయేది. మైకు వలయానికీ భూమి వలయానికీ ఏ క్రమం ఉండాలన్న దాని మీద రెండు వేర్వేరు ప్రమాణాలు చాలాకాలం కొట్టుకున్నాయి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లోనే జాక్‌ను లోతుగా అమర్చడం వల్ల మార్కెట్లో ఉన్న చాలా హెడ్‌ఫోన్లు అందులో పట్టలేదు. మరుసటి ఏడు దాన్ని సరిచేశారు. అయినా ఇవన్నీ చౌకగా, స్థానికంగా సరిదిద్దుకోగలిగిన లోపాలు.

మూడు కారణాల పరీక్ష

యాపిల్ ఈ పని చేసిన మొదటి సంస్థ కాదు. చైనాకు చెందిన ఒప్పో 2012లోనే జాక్ లేని ఫోన్ తెచ్చింది. 2014లో అదే సంస్థ తెచ్చిన ఆర్5 మందం 4.85 మిల్లీమీటర్లు, అందులోనూ జాక్ లేదు. 2016లో ఐఫోన్ 7 కన్నా ముందే లీఎకో, మోటరోలా సంస్థలు జాక్ లేని ఫోన్లు ప్రకటించాయి. కానీ యాపిల్ చేసిన పనికి ఉన్న అనుకరణ శక్తి వేరు. అందుకే వివాదం దాని చుట్టూనే తిరిగింది. ఫోన్ రాకముందే లక్షల సంతకాలతో ఒక అభ్యర్థన పత్రం తయారైంది. యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ ఈ నిర్ణయం చాలామందిని చికాకు పెడుతుందని ముందే హెచ్చరించాడు.

సంస్థ చెప్పిన కారణాలు మూడు: ఫోన్ లోపల చోటు కలిసివస్తుంది, లైట్నింగ్ అనే తమ డిజిటల్ ద్వారం ధ్వనికి మరింత అనువైనది, భవిష్యత్తు తీగలు లేని వినికిడిది. నీటి నుంచి రక్షణను కూడా చాలామంది ఈ జాబితాలో చేర్చారు.

చోటు గురించిన వాదన పూర్తిగా అబద్ధం కాదు. ఐఫోన్ 6ఎస్‌లో 1715 మిల్లీఆంపియర్‌ అవర్ల బ్యాటరీ ఉంటే, ఐఫోన్ 7లో 1960కి పెరిగింది. కెమెరా, కంపన యంత్రం కూడా పెద్దవయ్యాయి. అయితే విడదీసి చూసినవారికి పాత జాక్ ఉన్న స్థలంలో ఒక ప్లాస్టిక్ భాగం కనిపించింది. లోపలి, బయటి గాలి పీడనాలను సమం చేయడానికి దాన్ని పెట్టామని సంస్థ వివరించింది. మరోపక్క 2014లో వీవో సంస్థ 4.75 మిల్లీమీటర్ల మందమే ఉందని ప్రకటించిన ఎక్స్5 మ్యాక్స్ ఫోన్‌లో జాక్‌ను నిలుపుకుంది. 2016లోనే వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్7 నీటిని తట్టుకోవడంలో ఐఫోన్ 7 కన్నా ఒక మెట్టు పైనే ఉంది. దానికీ జాక్ ఉంది. 2017లో స్కాటీ ఆలెన్ అనే అమెరికన్ ఇంజనీరు చైనాలోని షెన్‌జెన్‌లో కొన్ని నెలలు శ్రమించి, ఐఫోన్ 7 లోపలే పనిచేసే జాక్‌ను ఇమిడ్చి చూపించాడు. ఆ ఒంటరి ప్రయోగాన్ని పెద్ద ఎత్తున తయారీకి రుజువుగా తీసుకోలేం. కానీ ఇవన్నీ కలిపి చెప్పేది ఒకటుంది: జాక్ ఉంచడం అసాధ్యమేమీ కాదు, అది ఒక ఎంపిక. ఏ వస్తువులోనైనా చోటు పరిమితమే. దేనికి ఆ చోటు కేటాయించాలన్నది విలువలకు సంబంధించిన ప్రశ్న. దాన్ని భౌతికశాస్త్ర నియమంలా చెప్పడంలోనే ఆ వాదన బలహీనపడింది.

మూడో కారణాన్ని సంస్థ ఆర్థిక ప్రయోజనం నుంచి విడదీసి చూడటం కష్టం. అదే వేదిక మీద 159 డాలర్ల ఎయిర్‌పాడ్స్‌ను ప్రకటించారు. పాత హెడ్‌ఫోన్లు వాడుకోవడానికి అడాప్టర్‌ను మొదట పెట్టెలోనే ఇచ్చారు. 2018 నుంచి దాన్ని 9 డాలర్లకు విడిగా కొనుక్కోవలసి వచ్చింది. 2020లో పెట్టెలోంచి ఇయర్‌ఫోన్లు కూడా మాయమయ్యాయి. ఫ్రాన్స్‌లో మాత్రం అక్కడి చట్టం ఒప్పుకోనందువల్ల మరికొంత కాలం ఇచ్చారు. 2016 అక్టోబర్‌లో తన పిక్సెల్ ఫోన్‌కు జాక్ ఉందని గొప్పగా చాటుకున్న గూగుల్, ఏడాది తిరిగేసరికి పిక్సెల్ 2లో దాన్ని తీసేసి తన సొంత వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ ప్రకటించింది. శామ్‌సంగ్ 2019 ఆగస్టులో నోట్ 10తో ఆ బాట పట్టింది. జాక్ తొలగింపు వెనుక లాభాపేక్ష తప్ప మరేమీ లేదని దీనివల్ల నిరూపణ కాదు. అయితే తీసేసినవారే ప్రత్యామ్నాయాన్ని అమ్మేవారు కూడా అయినప్పుడు, వారి కారణాలను నిశితంగా తూచడం వినియోగదారుడి కనీస బాధ్యత.

ఫ్లాపీ డిస్కుతో పోలిక

జాక్ తొలగింపును సమర్థించినవారి చేతిలో ఉన్న పదునైన ఆయుధం ఫ్లాపీ డిస్కు. 2016 జూన్‌లో ద వెర్జ్ పత్రికలో నీలయ్ పటేల్ ఈ ఆలోచనను వినియోగదారుల పట్ల శత్రుత్వంగా అభివర్ణిస్తే, జాన్ గ్రూబర్ వెంటనే హెడ్‌ఫోన్ జాక్ కొత్త ఫ్లాపీ డ్రైవ్ అని బదులిచ్చాడు. 1998లో ఐమ్యాక్ కంప్యూటర్‌లోంచి ఫ్లాపీ డ్రైవ్‌ను తీసేసినప్పుడు జనం గగ్గోలు పెట్టారు. తర్వాత ఫ్లాపీలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. కాబట్టి ఇప్పటి గగ్గోలు కూడా అలాంటిదే అన్నది ఆ వాదన.

పోలిక ఆకర్షణీయంగా ఉంది; కాస్త నొక్కి చూస్తే నిలవదు. ఫ్లాపీ మరణానికి కారణం దాని 1.44 మెగాబైట్ల పరిమితి. అవసరాలు దాన్ని దాటి పెరిగిపోయాయి. హెడ్‌ఫోన్ జాక్ అలాంటి పరిమితిని ఎదుర్కోలేదు. మనిషి చెవి వినగలిగే పౌనఃపున్యాలు 1979లోనూ 2016లోనూ అవే. చెవి సామర్థ్యమంతటికీ సరిపోయే తీగకు, ఇరుకైపోయిన డిస్కుకు పోలిక కుదరదు.

అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. 1998లో ఐమ్యాక్ పాత ద్వారాలను వదిలి యూఎస్‌బీని ఆశ్రయించింది. ఆ వదిలినవాటిలో కొన్ని యాపిల్‌కే పరిమితమైనవి. యూఎస్‌బీ అనేక సంస్థలు ఉమ్మడిగా రూపొందించిన ప్రమాణం. అంటే ఆ మార్పు సొంత తలుపు నుంచి ఊరందరి తలుపు వైపు జరిగింది. 2016లో జరిగింది దీనికి తలకిందులు. ఊరందరి తలుపు మూసి, సంస్థ అనుమతి పొందినవారికే తెరుచుకునే లైట్నింగ్ ద్వారాన్ని చూపించారు. ఒకే సంస్థ చేసిన రెండు తొలగింపులను ఒకే ధైర్యానికి ఉదాహరణలుగా చెప్పడం చరిత్రను సగమే చదవడం.

2023లో ఐఫోన్ 15తో లైట్నింగ్ కూడా తప్పుకుని యూఎస్‌బీ-సీ వచ్చింది. ఐరోపా సమాఖ్య ఫోన్లన్నిటికీ ఒకే ఛార్జింగ్ ద్వారాన్ని తప్పనిసరి చేసిన చట్టం ఆ మార్పుకు ఊతమిచ్చింది. ధ్వని విషయంలో మాత్రం యూఎస్‌బీ-సీ కూడా జాక్ అంత సరళమైనది కాలేకపోయింది. కొన్ని ఫోన్లు ఆ రంధ్రం ద్వారా అనలాగ్ సంకేతాన్ని పంపుతాయి, కొన్ని డిజిటల్ సంకేతాన్నే పంపుతాయి. అందువల్ల ఒక ఫోన్‌లో పనిచేసిన అడాప్టర్ మరో ఫోన్‌లో మూగపోవచ్చు. ఆకారం ఒకటే, ప్రవర్తన వేరు.

నాణ్యత గురించి అతిశయోక్తులు

తొలగింపును వ్యతిరేకించినవారి వాదనలన్నీ గట్టివని కూడా చెప్పలేం. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపుతుందన్నది నిజమే. కానీ అప్పటికే అధిక సంఖ్యాకులు వింటున్నది ఇంటర్నెట్ ద్వారా వచ్చే, కుదించిన సంగీతమే. రైలులోనో వీధిలోనో వినేవారికి ఆ తేడా తెలియదు. సంగీత సంస్థలు ఇకపై డిజిటల్ తాళాలు వేసి, అనుమతిలేని హెడ్‌ఫోన్లలో పాటే వినబడకుండా చేస్తాయన్న భయాన్ని కొందరు వ్యక్తం చేశారు. షిల్లర్ దాన్ని నిరాధారమైన కుట్ర సిద్ధాంతమని కొట్టిపారేశాడు. ఇప్పటివరకూ ఆ జోస్యం నిజం కాలేదు. ఆ మేరకు ఆయన మాటే నిలిచింది. చెవిలో బ్లూటూత్ పెట్టుకుంటే మెదడుకు ప్రమాదమన్న ప్రచారం ఇంకా బలహీనమైనది. ఇయర్‌బడ్స్ ప్రసార శక్తి సాధారణంగా కొద్ది మిల్లీవాట్లు. చెవికి ఆనించిన ఫోన్ అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శక్తితో ప్రసారం చేయగలదు.

అసలు సమస్య నాణ్యతలో కన్నా ఆలస్యంలో ఉంది. తీగలో శబ్దం ప్రయాణించే సమయాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించడం, పంపడం, విప్పడం పూర్తయ్యేసరికి సాధారణంగా సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు వరకు గడిచిపోతుంది. సినిమా చూసేవారికి సాఫ్ట్‌వేర్ దృశ్యాన్ని కూడా ఆపి సర్దుతుంది. కానీ తెర మీది అక్షరాలను శబ్దంగా చదివించుకుంటూ టైపు చేసే అంధులకు, ప్రతి మీట వెనుకా ఆ జాప్యం తగులుతుంది. సంగీత విద్యార్థులకూ అంతే. అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్న పిల్లలు చెన్నైలోనో విజయవాడలోనో ఉన్న గురువు దగ్గర వీడియో ద్వారా కర్ణాటక సంగీతం నేర్చుకోవడం ఇవాళ మామూలు సంగతి. నెట్‌వర్క్ జాప్యానికి బ్లూటూత్ జాప్యం తోడైతే తాళం మరింత దూరమవుతుంది. పైగా సంప్రదాయ బ్లూటూత్‌లో మైకు కూడా పనిచేయడం మొదలుపెట్టగానే, వినబడే శబ్దం పాత టెలిఫోన్ స్థాయికి దగ్గరగా పడిపోతుంది. గమకం వినవలసిన చెవికి అది చిన్న నష్టం కాదు.

అనుమతి అడగని ద్వారం

జాక్ విలువ సంగీతంలో కన్నా సంగీతేతర వినియోగాలలో ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది. శబ్దాన్ని మోసే తీగ ఏ సంకేతాన్నైనా మోయగలదని ఇంజనీర్లు త్వరగానే గ్రహించారు. 2010లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైజాక్ అనే ప్రాజెక్టులో, ఫోన్ జాక్ నుంచి వెలువడే శబ్ద సంకేతాన్నే విద్యుత్తుగా మార్చి చిన్న సెన్సార్లను నడిపించవచ్చని చూపారు. వారు రాబట్టిన శక్తి 7.4 మిల్లీవాట్లు. కొలవడానికి, కొలిచింది ఫోన్‌కు తిరిగి పంపడానికి ఆ మాత్రం చాలు. చిన్న వ్యాపారులు ఫోన్ మీదే క్రెడిట్ కార్డు గీసుకునేలా చేసిన స్క్వేర్ సంస్థ తొలి రీడర్ కూడా జాక్‌లోనే గుచ్చేవారు. మధుమేహ రోగుల చక్కెర కొలిచే డారియో మీటరూ మొదట్లో అలాంటిదే.

వీటన్నిటిలోకీ ఆలోచింపజేసేది 2015 ఫిబ్రవరిలో సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ పత్రికలో ప్రచురితమైన పని. కొలంబియా విశ్వవిద్యాలయంలో శామ్యూల్ సియా బృందం అరచేతిలో ఇమిడే ఒక పరికరాన్ని తయారుచేసింది. వేలిని గుచ్చి తీసిన ఒక్క చుక్క రక్తంతో, పదిహేను నిమిషాల్లో, హెచ్ఐవీ, సిఫిలిస్ వ్యాధులకు సంబంధించిన మూడు యాంటీబాడీ పరీక్షలు అది చేస్తుంది. విడిగా బ్యాటరీ లేదు. విద్యుత్తూ సమాచారమూ రెండూ హెడ్‌ఫోన్ జాక్ ద్వారానే. ద్రవాన్ని కదిలించడానికి పంపుకు బదులు వేలితో నొక్కే మీట పెట్టారు. దీన్ని రువాండాలో 96 మంది మీద స్థానిక ఆరోగ్య కార్యకర్తల చేత పరీక్షించారు. తయారీ ఖర్చు సుమారు 34 డాలర్లని పరిశోధకులు అంచనా వేశారు. ప్రయోగశాలలో ఇదే పని చేసే యంత్రాల ధర వేల డాలర్లు. గర్భిణికి సిఫిలిస్ ఉందని అక్కడికక్కడే తెలిస్తే పెన్సిలిన్‌తో తల్లినీ బిడ్డనూ కాపాడవచ్చు. ఫలితం వారం తర్వాత వస్తే ఆ తల్లి తిరిగి రాకపోవచ్చు.

ఆ పరిశోధకులు జాక్‌నే ఎందుకు ఎన్నుకున్నారన్నది ఊహకందని విషయం కాదు. అప్పట్లో ఆండ్రాయిడ్‌కైనా ఐఫోన్‌కైనా, ఖరీదైనదానికైనా చౌకదానికైనా ఉమ్మడిగా ఉన్నది అదొక్కటే. ఇలాంటి పరికరాలను ఇవాళ బ్లూటూత్‌తో తయారుచేయలేరా అంటే చేయగలరు, చేస్తున్నారు కూడా. కానీ అప్పుడు వాటికి సొంత బ్యాటరీ కావాలి, రేడియో చిప్పు కావాలి, జత చేసే సాఫ్ట్‌వేర్ కావాలి, ధ్రువీకరణ కావాలి. ఒక్కొక్క మెట్టూ పెద్ద సంస్థకు చిన్నదే. విద్యార్థి బృందానికో, కరెంటు సరిగా లేని ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికో అది చిన్నది కాదు.

రేడియో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలా ఫోన్లలో ఎఫ్ఎం రేడియోకు ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా. 2017లో వరుస తుఫానులు అమెరికాను, ప్యూర్టోరికోను కుదిపినప్పుడు, అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ అధ్యక్షుడు అజిత్ పాయ్ ఐఫోన్లలో ఎఫ్ఎంను పనిచేయించమని యాపిల్‌ను బహిరంగంగా కోరాడు. ఐఫోన్ 7, 8లలో ఎఫ్ఎం చిప్పులు గానీ తగిన యాంటెన్నాలు గానీ లేవని సంస్థ జవాబిచ్చింది. 2023లో భారత ప్రభుత్వం కూడా విపత్తుల సమయాన్ని ప్రస్తావిస్తూ ఫోన్లలో ఎఫ్ఎం అందుబాటులో ఉంచాలని తయారీదారులకు సూచించింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ సెల్‌ఫోన్ సంకేతాలూ కుప్పకూలిన సంగతి తెలిసినవారికి ఆ సూచన అర్థం వేరే చెప్పనక్కరలేదు. టవర్ పడిపోయినా దూరాన ఉన్న రేడియో కేంద్రం మాట్లాడుతూనే ఉంటుంది. వినడానికి ఒక తీగ ఉండాలి.

చెవి పక్షాన నిలబడి చూస్తే

ఇంతవరకూ చెప్పినది ఒకవైపు. వైద్య దృష్టితో చూసినప్పుడు రెండో వైపు కూడా అంతే బరువైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం చికిత్స, సహాయం అవసరమైనంత వినికిడి లోపం ఉన్నవారు 43 కోట్ల మంది. సురక్షితంకాని పద్ధతిలో పెద్ద శబ్దాలు వినడం వల్ల ముప్పు ముంగిట ఉన్న యువత వంద కోట్ల పైచిలుకు. పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు అన్నది ఆ సంస్థ సూచించిన హద్దు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి.

ఈ లెక్క తీగకు తెలియదు. జాక్‌లో ఏ హెడ్‌ఫోన్ గుచ్చారో, అది ఎంత సంకేతానికి ఎంత శబ్దం చేస్తుందో ఫోన్ గ్రహించలేదు. తనకు తెలిసిన డిజిటల్ ఇయర్‌బడ్స్ అయితే ఫోన్ మోతాదును బాగా లెక్కగట్టి హెచ్చరించగలదు. పరిసరాల రొదను తగ్గించే ఇయర్‌బడ్స్ వాడితే శబ్దం పెంచవలసిన అవసరమే తగ్గుతుంది. 2022 అక్టోబర్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వైద్యుడి చీటీ లేకుండా శ్రవణ సాధనాలు కొనుక్కోవడానికి దారి తెరిచింది. 2024 సెప్టెంబర్‌లో అదే సంస్థ ఎయిర్‌పాడ్స్ ప్రో 2ను, తగిన సాఫ్ట్‌వేర్‌తో, స్వల్ప, మధ్యస్థాయి వినికిడి లోపమున్న పెద్దలకు శ్రవణ సాధనంగా వాడుకోవచ్చని అనుమతించింది. అప్పట్లో అవి 249 డాలర్ల ఇయర్‌బడ్స్. అమెరికాలో జత శ్రవణ సాధనాలకు వేల డాలర్లు వెచ్చించడం మామూలు.

దీని సామాజిక ఫలితం ధర కన్నా పెద్దది. చెవిటి మిషన్ పెట్టుకోవడం నామోషీ అనుకుని, కొడుకు ఇంట్లో అందరూ నవ్వుతున్నప్పుడు మాట అందక తానూ నవ్వేసి ఊరుకునే పెద్దవాళ్లు తెలుగు కుటుంబాల్లో కొత్త కాదు. మనవడి చెవిలో ఉన్నదే తాత చెవిలోనూ ఉంటే ఆ నామోషీకి చోటు తగ్గుతుంది. తీగల్లేని భవిష్యత్తు గురించి షిల్లర్ చేసిన వాగ్దానంలో నిజంగా నెరవేరిన భాగం ఇది.

అయితే ఇక్కడ తర్కాన్ని జాగ్రత్తగా చూడాలి. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ వల్ల ఇంత మేలు జరిగిందన్నది ఒక వాక్యం. జాక్ తీసేసినందువల్ల ఆ మేలు జరిగిందన్నది మరో వాక్యం. మొదటిది రుజువైంది, రెండోది కాలేదు. జాక్ ఉన్న ఫోన్లు కూడా బ్లూటూత్‌తో ఇవే పనులు చేయగలవు. జాక్ తొలగకపోతే వైర్‌లెస్ మీద అంత పెట్టుబడి వచ్చేది కాదన్న వాదనను కొట్టిపారేయలేం. తొలగింపు పక్షం చెప్పగలిగిన వాటిలో అదే బలమైనది. కానీ మంచి వస్తువు తన మంచితనంతోనే అమ్ముడుపోవాలి తప్ప, పాతదాన్ని అందకుండా చేయడం ద్వారా కాదన్న అభ్యంతరం అప్పటికీ మిగిలే ఉంటుంది.

ఆ పెద్దవాళ్లకే వైర్‌లెస్ కొన్ని కొత్త ఇబ్బందులు కూడా తెచ్చింది. వణికే వేళ్లకు చిన్న ఇయర్‌బడ్ పట్టు దొరకదు. ఛార్జింగ్ మరచిపోతే వినికిడి ఆగిపోతుంది. జత చేయడం తెలియకపోతే పెట్టెలోనే ఉండిపోతుంది. అమెరికా ఆసుపత్రుల్లో చెవి సరిగా వినిపించని రోగులతో మాట్లాడటానికి, మైకు ఉన్న చిన్న డబ్బాకు 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ తగిలించిన సాధనం వాడుతుంటారు. రోగి తలకు పెడితే చాలు, మాట వినబడుతుంది. అత్యవసరంలో ఆ సరళతకున్న విలువ వేరు.

వాడి పారేసే చెవులు

తీగ తెగితే అతికించవచ్చు. ఇయర్‌బడ్ లోపలి బ్యాటరీ చచ్చిపోతే అతికించడానికి ఏమీ ఉండదు. గింజంత లిథియం బ్యాటరీని జిగురుతో మూసేయడం వల్ల, మరమ్మతు నిపుణులైన ఐఫిక్సిట్ సంస్థ మొదటి ఎయిర్‌పాడ్స్‌కు పదికి సున్నా మార్కులు వేసింది. రోజూ ఛార్జయ్యే బ్యాటరీ కొన్నేళ్లకు నీరసించడం రసాయన ధర్మం. 1997లో విడుదలైన సెన్‌హైజర్ హెచ్‌డి 600 వంటి తీగ హెడ్‌ఫోన్లు దశాబ్దాల తర్వాత కూడా విడిభాగాలు మార్చుకుంటూ పనిచేస్తున్నాయి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం, 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీలను కొన్ని మినహాయింపులతో వినియోగదారుడే మార్చుకునేలా ఉండాలని నిర్దేశిస్తోంది. జాక్ చర్చలో పెద్దగా వినిపించని ఈ ప్రశ్నకు చివరికి జవాబు చట్టం వెతకవలసి వచ్చింది.

విచిత్రమేమంటే జాక్ పూర్తిగా చావలేదు. భారతదేశంలో తక్కువ ధరకు దొరికే ఫోన్లు చాలావాటిలో ఇంకా ఉంది. సోనీ సంస్థ 2018లో తీసేసి 2020లో తన ఖరీదైన ఎక్స్‌పీరియా ఫోన్‌లో తిరిగి పెట్టింది. యాపిల్ సైతం మ్యాక్‌బుక్ కంప్యూటర్లలో జాక్‌ను ఉంచడమే కాక, 2021లో ఎక్కువ శక్తి అవసరమైన వృత్తిపరమైన హెడ్‌ఫోన్లను కూడా నడిపేలా దాన్ని మెరుగుపరిచింది. కాలం చెల్లిన వస్తువును ఎవరూ మెరుగుపరచరు.

ఏ కొలతలతో తూచాలి

ఈ వివాదం నుంచి గ్రహించవలసింది జాక్ కోసం శోకించడం కాదు. ఒక ఉమ్మడి వస్తువును తొలగించినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఏమిటో అది తేటతెల్లం చేసింది. దాని స్థానంలో వచ్చేది అందరికీ తెరిచి ఉందా, ఎవరి అనుమతికైనా లోబడి ఉందా? పాతది చేసిన పనులన్నీ, ముఖ్యంగా దాని రూపకర్తలు ఊహించని పనులు, కొత్తది చేయగలదా? మార్పు ఖర్చు ఎవరి మీద పడుతోంది? చెడిపోతే బాగుచేసుకునే వీలుందా? ఈ నాలుగింటిలో ఫ్లాపీ తొలగింపు సులువుగా నెగ్గుతుంది. హెడ్‌ఫోన్ జాక్ తొలగింపు, అది తెచ్చిన మేళ్లన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా, నెగ్గదు.

ప్రవాసులకు ఈ ప్రశ్నలు మళ్లీ ఎదురవుతూనే ఉన్నాయి. 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14 నుంచి సిమ్ కార్డు పెట్టే అర తొలగిపోయింది. హైదరాబాద్‌లో దిగి, తమ్ముడు తెచ్చిన సిమ్ వేసుకుని ఫోన్ చేయడం అలాంటి ఫోన్ ఉన్నవారికి ఇక కుదరదు. టెలికాం సంస్థ దగ్గర ఈ-సిమ్ నమోదు చేయించుకోవాలి. దానివల్ల ఫోన్ పోయినప్పుడు దొంగ సిమ్‌ను తీసి పారేయలేడన్న లాభముంది. ఒక ఫోన్ నుంచి తీసి మరో ఫోన్‌లో పెట్టుకునే స్వేచ్ఛ, ఎవరినీ అడగనక్కరలేని ఆ చిన్న స్వేచ్ఛ, తగ్గిందన్న నష్టమూ ఉంది. లాభం ఎక్కువా నష్టం ఎక్కువా అన్నది ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి ఉంటుంది. కానీ ఆ తూకం వేయవలసింది వాడుకునేవారు. తీసేసిన తర్వాత కాదు, తీసేసే ముందు.